బందరులో గాలి తిరిగే వేళ

మే నెలలో బందరు వెళుతున్నానంటే నవ్వనివాడు లేడు. "ఎండాకాలంలో మనుషులు ఊటీ వెళతారు, కొడైకెనాలు వెళతారు, చేతిలో అంత డబ్బు ఆడకపోతే అరకయినా వెళతారు. బందరేమిటండీ?" అన్నాడు మా ఆఫీసులో ఒకాయన. లడ్డూల కోసమనుకున్నాడు కాబోలు, వచ్చేటప్పుడు ఒక కిలో తెమ్మని పురమాయించాడు కూడా. నేను వెళ్ళింది మా బాబాయిని చూడటానికి. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరుగా పనిచేసి రిటైరై, చిలకలపూడిలో సొంత ఇంట్లో వుంటున్నాడు. అది 2015వ సంవత్సరం, మే మూడో వారం.

బెజవాడలో పన్నెండింటికి బస్సెక్కాను. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు ప్రయాణం ఎలా వుంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. కిటికీ తెరిస్తే నిప్పుల గాడ్పు, మూస్తే కుంపటి. కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది. కాలవలు కట్టేసి వున్నాయి. కోతలైపోయిన నల్లరేగడి చేలు బెత్తెడేసి నెర్రెలిచ్చి, కాల్చిన పెంకుల్లాగా వున్నాయి. దారి పక్క ఇటుక బట్టీల పొగ మాకు ముందుగా, తూర్పు వైపుకి సాగిపోతూ వుంది. అంటే వీచేది పడమటి గాలి అన్నమాట.

పామర్రులో బస్సు ఆగేసరికి ఒంటిగంటన్నర. నిమ్మసోడా తాగుదామని దిగాను. సోడా బండి మీద కట్టిన గుడ్డ అటూ ఇటూ కొట్టుకుని, ఒక్క క్షణం వేలాడిపోయి, ఆ తరవాత ఎదురు దిక్కుకు ఎగిరింది. తాటిచెట్ల మట్టలు గలగలమన్నాయి. రోడ్డు మీది దుమ్ము సుడి తిరిగి పడమటికి పరుగెత్తింది. మరో అయిదు నిమిషాలకల్లా మొహానికి తగిలే గాలి వేరయిపోయింది. చల్లగా వుందని అనలేను గాని, కాల్చటం మానేసింది. అందులో ఏదో తడి వుంది. సోడా బండి అతను చెంగుతో మెడ తుడుచుకుని, "వచ్చిందండీ సముద్రం" అన్నాడు, రోజూ వచ్చే పోస్టుమాను వచ్చాడన్నట్టు.

ఆ మాటే బాబాయితో చెబితే ఆయన ముచ్చటపడి, "ఎన్ని గంటలకు?" అని అడిగాడు. ఒంటిగంటన్నర అన్నాను. లేచి గోడకున్న చిన్న డైరీ తీశాడు. వరండా స్తంభానికి ఒక ఎర్ర దారం కట్టి వుంది. ఎండాకాలం రోజుల్లో ఆ దారం పడమటి నుంచి తూర్పుకు ఎన్నింటికి తిరిగిందో చూసి డైరీలో రాయటం ఆయనకు అలవాటు. ఆ రోజు అంకె 11.40. "పామర్రు ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్లు. గంటా యాభై నిమిషాలు పట్టింది. అంటే గంటకు పదహారు. సైకిలు మీద వచ్చాడ్రా మీ సముద్రుడు!" అని నవ్వాడు.

నేను చదువుకున్న రోజుల్లో ఈ పాఠం ఒక్క ముక్కలో అయిపోయింది. నేల త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. పరీక్షలో రెండు మార్కులు. అలా ఎందుకు జరుగుతుందో బాబాయి వరండాలో కూర్చోబెట్టి చెప్పాక గాని నాకు పట్టుబడలేదు.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చెయ్యటానికి ఒక కేలరీ కావాలి. ఒక గ్రాము ఇసుకకు అందులో అయిదో వంతు చాలు. వేరుశెనక్కాయలు వేయించే బండివాడు మూకుట్లో ఇసుక పోసుకుంటాడుగాని నీళ్ళు పోసుకోడు కదా! రెండు నిమిషాల్లో కాగుతుంది, దించితే అంత త్వరగానూ చల్లారుతుంది. ఇది ఒక్కటే అయితే తేడా అయిదు రెట్లతో ఆగిపోయేది. అసలు సంగతి ఇంకా వుంది. ఎండ నేల మీద పడితే పైపొరలోనే చిక్కుకుపోతుంది. పగలంతా మాడిన నేలను ఒక మూరెడు తవ్వి చూడండి, అడుగున చల్లగా వుంటుంది. ఎండబెట్టిన పరుపుకు పైగుడ్డ కాలినట్టు, వేడంతా ఆ జానెడు మందంలోనే పోగవుతుంది. సముద్రం మీద పడిన ఎండ లోపలికి దిగుతుంది. పైన వేడెక్కిన నీటిని అలలు కిందికి కలిపేస్తాయి. వచ్చిన వేడిని ఇంటిల్లిపాదీ పంచుకున్నట్టన్నమాట. పైగా ఎండ నీటిని ఆవిరి చేస్తుంది. గ్రాము నీరు ఆవిరి కావటానికి 580 కేలరీల దాకా కావాలి. కూజాలో నీళ్ళు చల్లబడేదీ, వట్టివేళ్ళ తడక తడిపితే గది చల్లబడేదీ ఈ ఖర్చు వల్లనే.

ఇన్ని కారణాలు కలిసి, మే నెల మధ్యాహ్నం ఎండిన ఇసుక అరికాలు మోపనివ్వకుండా కాలుతుంటే, పక్కనే బంగాళాఖాతం పొద్దుటికీ సాయంత్రానికీ ఒక్క డిగ్రీ అటూ ఇటూగా ముప్ఫై దగ్గర కదలకుండా వుంటుంది. నేల మీది గాలి కాగి, వ్యాకోచించి పైకి లేస్తుంది. పైకి పోయినది సముద్రం వైపు సర్దుకుంటుంది. నేల మీద ఒత్తిడి తగ్గుతుంది, సముద్రం మీద హెచ్చుతుంది. అప్పుడు సముద్రం మీది గాలి ఒడ్డుకు వస్తుంది. దీని మందం సుమారు ఒక కిలోమీటరు. వంట గదిలో పొయ్యి మండుతుంటే వాకిట్లో గాలి లోపలికి లాగినట్టే. గాలులు వీచటానికి సూర్యుడి వేడే మూలమని, నేలా నీరూ కాగటంలో తేడా వల్లనే ఋతుపవనాలు పుడతాయని 1686లో హేలీ రాశాడు. తోకచుక్కకు తన పేరిచ్చిన ఆ హేలీయే.

అయితే ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఋతుపవనమంటే పెద్ద ఎత్తున వచ్చే సముద్రపు గాలేనని పుస్తకాలు చెబుతూ వచ్చాయి. నేలా నీటి తేడా దానికి మొదటి తోపు ఇస్తుందన్నది నిజమే. కాని నేల అన్నిటికన్నా ఎక్కువగా కాగేది మే నెలలో. వానలు జోరుగా కురిసేది జూలైలో, నేల చల్లబడ్డాక. వేడే అన్నీ చేస్తే మే నెలలోనే కుంభవృష్టి కురవాలి. భూమి మధ్య రేఖ దగ్గర వుండే వాన మేఘాల పట్టీ సూర్యుడితోపాటు ఉత్తరానికి జరగటమే ఋతుపవనమని సులోచనా గాడ్గిల్ వంటి మన శాస్త్రజ్ఞులు వాదించారు. బాబాయికి ఈ వాదమంటే మహా ఇష్టం. "ముప్ఫై యేళ్ళు పిల్లలకు సగమే చెప్పాను గదరా" అనేవాడు.

రెండో రోజు తెల్లవారుఝామున గిలకలదిండి రేవుకు వెళ్ళాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరంలో మోటారు బోట్లు వేటకు పోకూడదు. ఇప్పుడది 61 రోజుల నిషేధం. రేవునిండా రంగురంగుల బోట్లు తాళ్ళు కట్టుకుని పెళ్ళివారిల్లులా వరుసగా నిలిచి వున్నాయి. మనుషులు మాత్రం లేరు. మోటారు లేని పడవలకు ఈ నిషేధం లేదు. అందుకని చాపవేసి పోయే చిన్న పడవలు నాలుగయిదు అటు చివర కదులుతున్నాయి.

ఒక ముసలాయన వల సర్దుకుంటున్నాడు. "తాతా, ఇంత చీకటినే పోవాలా?" అని అడిగాను.

"ఇప్పుడయితేనే గదా బాబూ ఇది తోస్తుంది" అని గాలి వైపు చెయ్యి చూపించాడు. నిజంగానే ఊరి వైపునుంచి సన్నగా, చల్లగా గాలి వస్తూ వుంది. "రాత్రి నేల చల్లారిపోద్ది. సముద్రం చల్లారదు. గాలి అటు పోద్ది, మేమూ దాంతో పోతాం. పొద్దెక్కాక అదే తిరిగి ఇంటికి తెస్తది. పోనూ రానూ టిక్కెట్టు లేని బస్సు."

"సముద్రం చల్లారదని ఎట్లా తెలుసు?"

ఆయన నా వంక జాలిగా చూసి, "చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

ఒడ్డున బురద కాలికి చల్లగా జివ్వుమంటోంది. వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా, పిల్లలకు స్నానానికి తొలిపినట్టుగా వున్నాయి నీళ్ళు. మిట్టమధ్యాహ్నం చల్లనైన సముద్రమూ, తెల్లవారి వెచ్చనైన సముద్రమూ ఒక్కటే, మారింది నేల. మనం నేల మీదివాళ్ళం కనుక సముద్రమే మారిందనుకుంటాం.

ఆ మొండితనమే బందరుకు మేలూ కీడూ. పగటి ఎండను తగ్గించేది అదే, రాత్రి ఉక్కపోతకు కారణమూ అదే. హైదరాబాదులో పగలు ఎంత మండినా తెల్లవారి దుప్పటి వెతుక్కుంటాం. బందరులో తెల్లవార్లూ విసనకర్ర వదలం. ఇంతకన్నా పెద్ద కీడు శీతాకాలం ముందర వస్తుంది. అక్టోబరు, నవంబరులలో నేల చల్లబడ్డా, వేసవినించీ దాచుకున్న వేడిని సముద్రం ఇంకా పూర్తిగా వదులుకోదు. తుపానుకు ఆ వేడే మేత. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫైవేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ సంగతి పెద్దలకు ఇంకా గుర్తుంది. పిన్ని పుట్టిల్లు ఆ వైపే. ఆ మాట ఎత్తితే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. అందుకని ఆ ఇంట్లో ఆ పాఠం ఎవరూ చెప్పరు.

మంగినపూడి కూడా చూశాను. ఇసుక తీరాలు చూసి అలవాటుపడిన కళ్ళకు ఆ నల్లబురద తీరం మొదట నచ్చదు. కాని ఎండలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవగలిగింది అక్కడే. తడిసిన మట్టి సగం నీటి జాతిది. అంత సులువుగా కాగదు. ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళు. అక్కడి తల్లులకు అదొక ధైర్యం.

మూడో రోజు దారం తిరిగేసరికి 2.50 అయింది. బాబాయి అంకె రాసి, కొంచెంసేపు పడమటి వైపు చూశాడు. "అటు బలంగా వుంది" అని మాత్రం అన్నాడు.

నాలుగో రోజు గాలి తిరగలేదు.

పొద్దున తొమ్మిదింటికే పడమటి గాలి హోరుమని మొదలైంది. పదకొండయింది, పన్నెండయింది. దారం తూర్పు వైపు సాగి, కర్రకు మేకు కొట్టినట్టు కదలకుండా వుంది. కాకి అన్నది కనబడలేదు. ఒంటిగంటకు కరెంటు పోయింది. పెరట్లో దండెం మీద తడిబట్టలు పావుగంటలో అప్పడాల్లా ఎండిపోయాయి. వీధిలో రోల్డుగోల్డు పనివాళ్ళు, మంట ఆరిపోతుందని పంకా వేసుకోకుండానే కూర్చునేవాళ్ళు, ఆ రోజు పనిముట్లు పక్కన పడేసి అరుగుల మీద పడివున్నారు.

బాబాయి వరండాలోనే కుర్చీ వేసుకుని దారం చూస్తూ కూర్చున్నాడు. లోపలికి రమ్మని పిన్ని నాలుగుసార్లు పిలిచింది. "తిరిగేవేళ అయింది, చూసి వస్తాను" అన్నాడు. రెండున్నరకు నేను వెళ్ళి "బాబాయ్, లోపల పడుకో" అంటే, నన్ను మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. బడి గంట కొట్టారా అని అడిగాడు. చెయ్యి పట్టుకుంటే పెనంలా వుంది. ఒంటి మీద ఒక్క చెమటచుక్క లేదు.

పిన్ని గాభరాగా మజ్జిగ తెచ్చింది. పక్కింటావిడ నర్సుగా పనిచేసిన మనిషి. గోడ దాటినంత పనిచేసి వచ్చి గ్లాసు పట్టుకు ఆపింది. "మాట తడబడుతున్న మనిషికి నోట్లో ఏదీ పొయ్యకండి, పొరబోతుంది. ముందు ఒళ్ళు తడపండి" అంది. కుళాయి తిప్పితే మేడ మీది తొట్టిలోని నీళ్ళు చెయ్యి కాల్చాయి. కాసిని నీళ్ళు ఎండలో పెడితే అవీ నేల మాదిరే కాగుతాయి. సముద్రానికున్న బలం దాని లోతులో వుంది. పెరట్లో నుయ్యి వుంది. నీళ్ళు ఉప్పన, ఎవరూ తాగరు. ఒంటి మీద పొయ్యటానికి ఉప్పయితేనేం? నేను తోడుతూంటే ఆవిడ దుప్పటి తడిపి కప్పి, తల మీదా మెడ మీదా చంకల్లోనూ తడిగుడ్డలు వేసింది. పిన్ని విసనకర్రతో విసిరింది. ఎన్ని చేదలు తోడానో జ్ఞాపకం లేదు. 108కి ఫోను చేశాం. అంబులెన్సు వచ్చేటప్పటికి ఆయన కళ్ళు తెరిచి, "గాలి?" అన్నాడు. ఎవరం జవాబు చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆ సాయంత్రం మంచాలు చాలక నేలమీద చాపలు పరిచారు. వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, కూలిపనివాళ్ళు. డాక్టరు బాబాయి కేసు చూసి, "దారిలోకాక ఇంటి దగ్గరే ఒళ్ళు చల్లబరచటం మొదలుపెట్టారు, అదే ఈయన్ని కాపాడింది" అన్నాడు. చెమట ఆగిపోవటం, మాట తప్పటం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకూడదట. కొందరిలో చెమట పోస్తూండగానే వడదెబ్బ తగులుతుందనీ, చెమట వుందిగదా అని ఊరుకోవద్దనీ కూడా చెప్పాడు. మా పక్క చాప మీది ఆయన్ని తెచ్చింది ఆలస్యంగా. ఆయన భార్య రాత్రంతా ఆ కాళ్ళు పట్టుకునే కూర్చుంది; తెల్లవారాక కూడా వదల్లేదు.

ఆ సంవత్సరం మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలవాళ్ళే.

సముద్రం పక్కనే వుండగా బందరులో మనుషులు వడదెబ్బకు పోవటమేమిటని నాకు ఆశ్చర్యంగా వుండేది. ఆస్పత్రి మంచం మీద మూడో రోజున బాబాయే చెప్పాడు, గొంతు ఇంకా పీలగానే వున్నా. నేలా నీటి తేడావల్ల పుట్టే గాలికి బలం తక్కువ. పైనుంచి వచ్చే పెద్ద గాలి దానికి ఎదురు నిలిస్తే, అది ఒడ్డు దాటలేక నీళ్ళ మీదే ఆగిపోతుంది. మే చివర వీచే పడమటి గాలి దక్కను పీఠభూమి బండల మీదుగా వస్తుంది, ముందే ఎండి వుంటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైన వుంది. ఎండిన గాలి వంద మీటర్లు కిందికి దిగితే ఒక డిగ్రీ వేడెక్కుతుంది. అంటే అక్కడి గాలి ఇక్కడికి దిగేసరికే అయిదు డిగ్రీలు కూడబెట్టుకుంటుంది. నేల ఎంత కాగితే సముద్రపు గాలి అంత జోరుగా రావాలన్నది పుస్తకంలో మాట. నేలను కాల్చే ఆ పడమటి గాలే దాన్ని రానివ్వకుండా తలుపుకు అడ్డం నిలబడుతుంది. వాతావరణశాఖవారు మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటితేనే వడగాడ్పుల లెక్కలోకి తీసుకుంటారు. సముద్రతీరంలో మామూలుకన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగి 37కు చేరినా అదే లెక్క. తీరంలో వుండేవాళ్ళ ఒళ్ళు మధ్యాహ్నం గాలికి అలవాటుపడి వుంటుంది. ఇళ్ళూ అలాగే కట్టుకున్నారు, తూర్పు వైపు కిటికీలు పెట్టి. ఆ గాలి రాని రోజున వాళ్ళకు దిక్కు తోచదు.

ఇంటికి వచ్చిన రోజున పిన్ని డైరీని పరుపు కింద దాచేసింది. ఆయన అడిగి అడిగి తీయించుకున్నాడు. నాలుగో రోజు గడి ఖాళీగా వుంది. కలం పట్టుకుని కాసేపు చూసి, "రాలేదు" అని రాశాడు. దాని కింద వరసగా, తను ఆస్పత్రిలో వున్న రోజుల అంకెలు కావాలన్నాడు. పక్కింటావిడ మనవడు, ఎనిమిదో తరగతి కుర్రాడు, ఆ దారాన్ని రోజూ చూసి నోటుబుక్కు వెనక రాసిపెట్టాడట. తెచ్చి చదివాడు: "రాలేదు. 5.20. 4.05."

వరండాలో ఇప్పుడు రెండు దారాలున్నాయి. రెండోది ఆ కుర్రాడు వీధి చివర కరెంటు స్తంభానికి కట్టింది. బాబాయి లోపల మంచం మీద పడుకునే కిటికీలోంచి కనిపిస్తుంది. ఎండాకాలంలో పన్నెండింటికి అది తిరక్కపోతే ఎవరో ఒకరు వీధి పొడుగునా వెళ్ళి రోల్డుగోల్డు పనివాళ్ళను మంటలు ఆర్పి లేవమంటారు, ముసలివాళ్ళున్న ఇళ్ళలో కుండ నిండా నూతినీళ్ళు పెట్టమంటారు. మొదట్లో కొందరు విసుక్కున్నారట. ఇప్పుడు పన్నెండవుతూండగా వాళ్ళే బయటికి వచ్చి స్తంభం వైపు చూస్తారు.